రెంటికీ పనికొచ్చే మానిటర్

“ఏటండీ, ఇది ఆరోసారి రావడం. ఈసారైనా మానిటర్ కొంటారా, సూసి ఎల్లిపోతారా?”

బిందు అలా అడిగేసరికి ఎల్లాజీ తడిసిన హెల్మెట్ తీసి కౌంటర్ మీద పెట్టి నవ్వాడు. బయట వాన పడుతోంది.

“మీరు సరిగ్గా సెప్తే కొననేటి? గేములాడే ప్లేస్టేషన్‌కీ, పని చేసే పీసీకీ రెంటికీ ఒకటే పనికిరావాల. ఫోర్ కే ఉండాల.”

“ఎన్నిసార్లు సెప్పాలండీ! పీసీకి డిస్‌ప్లే పోర్ట్ సాలు. ప్లేస్టేషన్‌కి మాత్రం హెచ్‌డీఎంఐ టూ పాయింట్ వన్ పోర్ట్ ఉండాల్సిందే. టూ పాయింట్ జీరో అయితే, అట్టపెట్టె మీద ఫోర్ కే అని ఎంత పెద్దగా రాసున్నా తీసుకోకండి. సెకనుకి అరవై ఫ్రేములే వస్తాయి. నూట ఇరవై రావు, గేములో బొమ్మ అంత సాఫీగా కదల్దు.”

“తీసుకుంటే?”

“మీకు బుర్ర లేదనుకుంటాను.”

ఎల్లాజీ వాళ్ళ నాన్నకి చింతపల్లి సముద్రం ఒడ్డున పడవుంది. కొడుకు మాత్రం వల ముట్టకుండా, ఇంట్లోనే కూర్చుని విశాఖపట్నం కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాడు. విజయనగరంలో బోలెడు షాపులున్నా, అంత దూరం బండి తోలుకుని చీపురుపల్లిలో ఉమాపతి షాపుకే వస్తాడు. అదీ సరిగ్గా షట్టర్ ఎత్తే వేళకి. బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపకూడదని ఉమాపతి పట్టు. అందుకని వచ్చినప్పుడల్లా ఆయన కూతురు బిందు అతనికో కేబుల్ అంటగట్టేది. కొత్త మానిటర్ రాకుండానే అతని ఇంట్లో ఐదు కేబుళ్ళు చేరాయి.

ఆరోది కవర్లో పెడుతూ అంది. “గురువారం మంచిది వస్తాది. మీ కోసమే తెప్పిస్తన్నాను.”

ఎల్లాజీ మొహం చిన్నబోయింది. “అది కొనేస్తే ఇంక ఏటి వంక పెట్టుకుని రావాల?”

బిందు కవరు అతని చేతిలో పెట్టింది. తల ఎత్తకుండానే, “వంక లేకుండా రా” అంది.

మొదటిసారి ‘రండి’ కాకుండా ‘రా’ అన్నందుకు ఇద్దరికీ నవ్వొచ్చింది. వెనక గది గుమ్మంలో నిలబడి ఉమాపతి ఆ మాట విన్నాడు.

బుధవారం ఆమెని బొబ్బిలిలో పెద్దమ్మ ఇంటికి పంపాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి అరలో రెండేళ్ళుగా మగ్గుతున్న పాత మానిటర్ పెట్టె లేదు. టూ పాయింట్ జీరోది.

“ఆ చింతపల్లి కుర్రాడికి ఫోన్ చేసి రప్పించాను” అన్నాడు ఉమాపతి. “అమ్మాయే ఏరి పెట్టిందన్నాను. మారు మాటాడకుండా పట్టుకెళ్ళిపోయాడు.”

“నాన్నా! అది నేను ఏరలేదు.”

“ఆళ్ళది సంద్రం మీద బతుకు, మనది కొట్టు మీద బతుకు. ఇక్కడితో ఆపీ. నోరు తెరిసి ఇంకో మాటన్నావా, రేపట్నించి షాపుకి రానక్కర్లేదు.”

ఆ షాపంటే ఆమెకి ప్రాణం. డిగ్రీ అయ్యాక పెళ్ళి సంబంధాల గోల తప్పించుకుని ఆ కౌంటర్ దగ్గర నిలబడడానికి ఏడాది పోరాడింది. ఆ రాత్రి ఎల్లాజీ నంబరు మూడుసార్లు నొక్కి, మూడుసార్లూ కట్ చేసింది.

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి ఎల్లాజీ పెట్టెతో నిలబడి ఉన్నాడు.

“బోణీ కాకుండా తిరుగు సరుకు ముట్టం బాబూ” అన్నాడు ఉమాపతి. “బేరం తగిలేదాకా కూర్సో.”

ఎప్పుడూ బోణీ చేసేవాడు ఆవేళ ఇంకెవరో బోణీ చేస్తారని మెట్టు మీద కూర్చున్నాడు. వాన జల్లుకి పెట్టె తడవకుండా ఒళ్ళో పెట్టుకుని వంగిపోయాడు. ముప్పావుగంట అలాగే ఉన్నాడు. బిందు కేబుళ్ళ కట్టలు విప్పి మళ్ళీ కట్టింది. చివరికి పక్క టీ కొట్టు దానమ్మ వచ్చి ఫోను చార్జర్ కొనుక్కెళ్ళింది.

ఎల్లాజీ లేచి పెట్టె కౌంటర్ మీద పెట్టాడు. ఉమాపతి వైపు చూడనే లేదు.

“టూ పాయింట్ జీరో అని పెట్టె సూడగానే తెలిసింది. అయినా కొన్నాను, నువ్వు ఏరినావన్నారని. నువ్వే తీసుకోవద్దన్నది నువ్వే ఇచ్చినావంటే, నన్ను రావద్దన్నట్టేనా అని రాత్రంతా నిద్దర్లేదు. ఒక్కమాట సెప్పు బిందూ. ఇది నువ్వే ఏరినావా?”

కాదు. రెండే రెండక్షరాలు. అవి గొంతుదాకా వచ్చాయి. ఉమాపతి చేతిలో షట్టర్ తాళాలు చప్పుడు చేశాయి. బిందు ఆ తాళాల వైపు చూసింది.

“ఊఁ” అంది. “నేనే.”

ఎల్లాజీ తల ఊపాడు. పెట్టె మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

“బిల్లు తెచ్చావా, మార్సి ఇంకోటి ఇస్తాం” అన్నాడు ఉమాపతి, ఎంతో మర్యాదగా.

“వొద్దండి. మార్సుకోడానికి రాలేదు, అడగడానికి వచ్చాను.”

బండి చప్పుడు వానలో కలిసిపోయింది.

మధ్యాహ్నం విజయనగరం నుంచి సరుకుల వ్యాను వచ్చింది. అందులో ఆమె తెప్పించిన టూ పాయింట్ వన్ మానిటర్ ఉంది.

“ఇదెవరికి?” అన్నాడు తండ్రి.

“స్టాకుకి” అంది బిందు. పెట్టెని అరలోకి ఎక్కించింది. బుర్ర లేదని అతన్ని ఎంత తేలిగ్గా అనేసింది! అతనికి బుర్ర ఉంది. తనకే ధైర్యం లేకపోయింది.

మర్నాడు పొద్దున్న షట్టర్ తనే ఎత్తింది. రోడ్డు చివరిదాకా చూసింది. ఆ రోజు బోణీ పదకొండింటికి గాని కాలేదు.