పద్నాలుగో గది సారు

మా డిపార్ట్‌మెంటు మేడ మీద పద్నాలుగో గదికి చెడ్డ పేరు. చీకటి పడితే లోపల లైటు వెలుగుతుంది, ఎవరో దగ్గుతారు... తాళం మాత్రం వేసే ఉంటుంది.

ముగ్గురు సార్లతో మొదలైన డిపార్ట్‌మెంటు అది. మేం సమ్మెలు చేసి, లాఠీదెబ్బలు తిని పద్నాలుగు పోస్టులు తెచ్చుకున్నాం. ఇప్పుడు యూనివర్సిటీ ఇంకా పెరిగింది — కోర్సులు పెరిగాయి, గేట్లు పెరిగాయి, గేట్లకు రంగు లైట్లు పెరిగాయి. సార్లే లేరు. వాళ్ల పేర్ల బోర్డులు మాత్రం తలుపుల మీదే ఉన్నాయి. బోర్డు తీస్తే పోస్టు కూడా పోతుందని ఆఫీసు భయం!

ఇది అక్కడే పీహెచ్‌డీ చేసే సుజాత తార్నాకలో చాయ్ తాగుతూ నాతో చెప్పిన సంగతి. ఆమెది ఏడేళ్ల పరిశోధన. ఆ రోజుకు ఇక ఒక్క రోజే గడువు — మర్నాడు సాయంత్రం ఐదులోపు థీసిస్ ఇవ్వకపోతే అంతా మట్టిపాలే. గైడు రిటైరై వెళ్లిపోయాడు. డిపార్ట్‌మెంటులో ఏ ప్రొఫెసరు సంతకం పెట్టినా చాలన్నారు. ఆ ఒక్కరు ఎక్కడ?

"పైన చివరి గదిల లైటు ఎలుగుతున్నది బిడ్డా," అంది ఊడ్చే సాలమ్మ. గొంతు తగ్గించి, "నేనైతే పోను..."

సుజాత వెళ్లింది. మెట్ల నిండా చీకటి... పావురాల రెట్ట వాసన... పద్నాలుగో తలుపు — తీసి ఉంది. బల్ల వెనక ఒక ముసలాయన. తల ఎత్తలేదు.

"పెట్టిపో. పొద్దున రా."

పొద్దున తలుపుకు తాళం! బయట స్టూలు మీద థీసిస్. దాని మీద సంతకం — వెంకటనర్సయ్య.

ఆఫీసుకు పరుగెత్తింది. గుమాస్తా రత్నాకర్ పాత ఫైలు తీసి సంతకం పోల్చాడు.

"కలిసింది. గని చెల్లే... ఈ సారు సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె."

సుజాత ఆ సంతకం వంక చూసింది. "ఇప్పుడెట్లన్నా?"

"ఏం గాదు. గాయన పోస్టు ఖాళీ అయినట్టు నాకు కాయితం రాలే. నా ఫైల్ల ఉన్నట్టే!"

నవ్వుతూ స్టాంపు ఎత్తి, పేజీ తిప్పాడు... చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఇంకో పేజీ... ఇంకో పేజీ... మూడు వందల పేజీలు. ప్రతి అంచునా ఎర్ర సిరా. ఇది తప్పు — దీనికి ఆధారం ఏది — మళ్లీ రాయి...

రత్నాకర్ ధన్‌మని స్టాంపు గుద్ది, రసీదు ఆమె చేతిలో పడేసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇరవై ఏండ్ల సర్వీసు నాది చెల్లే. సచ్చినోళ్ల సంతకాలు శానా చూసిన. గని..." ఆ ఎర్ర సిరాను వేలితో చూపించాడు.

"ఈయన — చదివిండు!"