పదిహేనో గంత

పార్కుకి వచ్చే బడి పిల్లలకి చెట్ల పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. వారానికి రెండు మూడు బస్సులొస్తాయి. దిగీ దిగగానే సగం మంది నీళ్ళంటారు, సగం మంది బాత్రూమంటారు, మిగిలినవాళ్ళు ఉయ్యాలలెక్కడ అంటారు. ఆ మూకని ఆకులవైపు, బెరళ్ళవైపు తిప్పడం మాటలు కాదు. పదకొండేళ్ళుగా తిప్పుతున్నాను కాబట్టి నాకు కాస్త పొగరు ఉండేది. ఉండేది అంటున్నాను. ఇప్పుడు లేదు.

నా పాఠాల్లో పిల్లలకి బాగా నచ్చేది గంతల ఆట. వాళ్ళని జంటలుగా నిలబెట్టి, జంటలో ఒకరి కళ్ళకి గంత కడతాను. రెండోవాళ్ళు చెయ్యి పట్టుకుని ఏదో ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. గంత ఉన్న పిల్ల ఆ చెట్టుని తడిమి, వాసన చూసి, గుర్తుపెట్టుకోవాలి. చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాక గంత విప్పుతాను. అప్పుడు తన చెట్టేదో వెతికి చూపించాలి. నియమం ఒక్కటే. నేను "ఆట అయిపోయింది" అనేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అన్నీ చేతులతోనే చెప్పుకోవాలి. ఒకసారి నొక్కితే నడువు, రెండుసార్లు నొక్కితే ఆగు. కళ్ళు పెద్దవి చేసి చెప్పేదాన్నేమో, ఎంత అల్లరి గుంపైనా ఆ పావుగంట గప్‌చుప్‌గా ఉండేది.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. నేను పిల్లల తలలు లెక్కపెట్టేదాన్ని కాదు. వాళ్ళు కుదురుగా ఉంటే కదా! ఇటునుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళేలోపు అటువాడు ఇటొచ్చి నిలబడతాడు. అందుకని గంతలు లెక్కపెట్టేదాన్ని. పదిహేను గంతలిచ్చానంటే ముప్పైమంది ఆడుతున్నట్టు. పదిహేనూ తిరిగి నా సంచిలో పడితే ముప్పైమందీ వచ్చేసినట్టు. "భలే ఉపాయం మేడమ్" అని టీచర్లు అంటే మురిసి ముక్కలయ్యేదాన్ని.

కిందటేడు చలికాలంలో మా చిట్టి వాళ్ళ క్లాసు వచ్చింది. చిట్టి మా చెల్లెలి కూతురు, ఏడేళ్ళ పిల్ల. భయస్తురాలు. కరెంటు పోతే వాళ్ళమ్మ నడుం పట్టుకుని వేలాడుతుంది. కానీ చెప్పిన మాట గీత దాటదు. అన్నం తినేటప్పుడు మాట్లాడకూడదని ఎవరో చెప్పారట, గొంతులో ముద్ద అడ్డం పడినా సైగ చేసిందే తప్ప నీళ్ళు కావాలని అడగలేదు. ఆ మాట చెప్పుకుని మేం ఎన్నిసార్లు నవ్వుకున్నామో.

ముందురోజు చెల్లెలు ఫోన్ చేసింది. "నువ్వున్నావనే పంపుతున్నానక్కా. దాన్ని ఓ కంట కనిపెట్టుకో."

"నీ కూతుర్నేమీ మింగెయ్యనులే. పొద్దున ఎలా పంపుతావో సాయంత్రం అలాగే అప్పగిస్తాను, సరేనా?" అన్నాను.

దారిలో బస్సు టైరు పంచరై రెండు గంటలు ఆలస్యమైంది. వాళ్ళు దిగేసరికి నాలుగు దాటింది. మబ్బు కమ్ముకుని అప్పుడే లైట్లు వెయ్యాల్సినంత చీకటిగా ఉంది. పాఠం ఇంకోరోజు పెట్టుకుందాం అని పంపెయ్యాల్సింది. పంపలేదు. పిల్లల మొహాలు చూసి జాలేసిన మాట నిజమే. చిట్టి ముందు గొప్ప చూపించుకోవాలని ఉన్న మాట కూడా నిజమే.

"ఎంతమంది?" అని అడిగాను.

"ముప్పై మేడమ్" అంది క్లాసు టీచరు, చేతిలో ఉన్న కాగితం చూసి.

పదిహేను గంతలు తీశాను. గబగబా కట్టుకుంటూ పోయాను. వరస చివర చిట్టి ఉంది. గంత కట్టగానే భయంగా చెయ్యి చాచింది. పక్కన ఎవరో ఆ చెయ్యి అందుకున్నారు. బడి చొక్కా చెయ్యి మాత్రం కనిపించింది. మొహం చూడలేదు... తొందరలో ఉన్నాను. అక్కడ చీకటిగా కూడా ఉంది.

జంటలన్నీ చెదిరిపోయాయి. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పార్కు చివర వెదురుతోపు ఉంది. పగలు కూడా అందులో తడిసిన మట్టి వాసన, కుళ్ళిన ఆకుల వాసన వేస్తుంది. గాలికి బొంగులు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటాయి. ఆ రోజు గాలి లేదు. అయినా ఒకటి రెండుసార్లు కిర్రుమన్నాయి.

పావుగంటకి అందరూ రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్క గంతా విప్పి సంచిలో వేసుకున్నాను. పద్నాలుగు. చిట్టి రాలేదు.

"ఇంకో జంట రావాలి" అన్నాను.

టీచరు నాలుక కరుచుకుంది. "అయ్యో మేడమ్, చెప్పడం మర్చిపోయాను. ఒక పాపకి బస్సులో వాంతులైతే డ్రైవరు దగ్గరే పడుకోబెట్టాను. మీ చిట్టి జంటే ఆ పాప. ఇక్కడున్నది ఇరవై తొమ్మిది మందే."

"మరి చిట్టి చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"మీరు తీసుకెళ్ళారేమో అనుకున్నా..."

పిల్లల్ని బస్సెక్కించమని ఆవిడతో చెప్పాను. వాచ్‌మన్ తన టార్చి తీసుకుని చెరువు వైపు పరిగెత్తాడు. నేను వెదురుతోపు వైపు పరిగెత్తాను. నా ఫోను ఆఫీసు గదిలో ఉండిపోయింది. దానికోసం వెనక్కి వెళ్ళే ఓపిక లేకపోయింది.

లోపల కళ్ళు పొడుచుకున్నా కనిపించలేదు. "చిట్టీ! చిట్టీ!" అని అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. అప్పుడు గుర్తొచ్చింది... మాట్లాడొద్దని చెప్పింది నేనే. ఇది పలకదు. ప్రాణం పోతున్నా పలకదు. నన్ను నేను తిట్టుకుంటూ, చేతులు చాచి తడుముకుంటూ నడిచాను. ఆట అయిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ కంగారులో అది తట్టలేదు.

ఒక చిన్న చెయ్యి వచ్చి నా చేతిలో పడింది.

చల్లగా ఉంది. వణుకుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "పద తల్లీ, పద" అంటూ దూరంగా కనిపిస్తున్న లైట్ల వైపు నడిచాను. పది అడుగులు వేశానో లేదో...

"పెద్దమ్మా."

వెనక నుంచి. చిట్టి గొంతే.

"పెద్దమ్మా, నేనిక్కడున్నాను. నువ్వు పట్టుకున్నది నన్ను కాదు."

చేతిలో ఉన్న చెయ్యి నన్ను గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు నొక్కింది. మళ్ళీ రెండుసార్లు...

"అది వదలదు పెద్దమ్మా. విదిలించెయ్. భయమేస్తోంది..."

విదిలించేశాను. తేలిగ్గా ఊడి రాలేదు ఆ చెయ్యి. బలమంతా పెట్టి విదిలించాను. గొంతు వచ్చిన వైపు పడుతూ లేస్తూ వెళ్ళి, పిల్లని చంకనేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి పరిగెత్తాను. దీపస్తంభం కింద దింపి గంత విప్పాను. చిట్టే. అదే మొహం, అవే జడలు. ఏడుపు లేదు. ఎవరు తీసుకెళ్ళారని అడిగితే భుజాలెగరేసింది. చిట్టిని ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది. పదిహేనో గంత సంచిలో వేసుకున్నాను.

ఇంటికెళ్ళి గంతలు ఉతికి ఆరేస్తుంటే చేతులు ఆగిపోయాయి.

నేను దాని గంత విప్పింది దీపం కింద. అంటే తోపులో నన్ను పిలిచినప్పుడు దాని కళ్ళకి గంత ఉంది. మరి నేను ఇంకెవరి చెయ్యో పట్టుకున్నానని దానికెలా తెలిసింది? నేను ఆట అయిపోయిందని అననే లేదు. ముద్ద అడ్డం పడినా మాట్లాడని మా చిట్టి... అలా ఎలా మాట్లాడింది?

ఆ రాత్రే వాచ్‌మన్‌ని లేపి, టార్చిలు పట్టుకుని తోపంతా వెతికించాను. తెల్లవారాక మళ్ళీ వెతికాను. "పిల్ల దొరికింది కదమ్మా, ఇంకా ఎవర్ని వెతుకుతున్నారు?" అన్నాడు. ఏం చెప్పను? ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగాక తోపులోకి వెళ్ళి, "ఆట అయిపోయిందమ్మా, మాట్లాడు" అని గొంతు పోయేదాకా అరిచేదాన్ని. ఎవరూ పలకలేదు.

మా చెల్లెలికి చెప్పలేకపోయాను. ఏమని చెప్పను, నీ కూతుర్ని నా చేత్తోనే విదిలించేశానని చెప్పనా? చెల్లెలు సంతోషంగా ఉంది. "నువ్వేం మంత్రం వేశావోగానీ అక్కా, దీని భయమంతా పోయింది. చీకట్లో ఒక్కతే పడుకుంటోంది. నా కూతురేనా అనిపిస్తోందనుకో" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. చిట్టి నావైపు చూస్తుంది. అది నవ్వదు.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు పిల్ల బట్టలు మడతపెడుతోంది.

"దీనికి బట్టలు కొనే పని తప్పిందక్కా. ఏడాదైంది, అంగుళం ఎదగలేదు. డాక్టరేమో కొందరు ఆలస్యంగా ఎదుగుతారు, కంగారు పడొద్దన్నాడు. నువ్వేమంటావు?"

నేనూ ఒక గౌను తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర నిలబడి చిట్టి వింటోంది.

నిన్న సాయంత్రం తోపులోకి వెళ్ళాను. ఈసారి అరవలేదు. నా కళ్ళకి నేనే గంత కట్టుకుని, చెయ్యి చాచి నిలబడ్డాను. కాళ్ళు పీకాయి. దోమలు కుట్టాయి. లైట్లు ఆర్పే వేళైంది కాబోలు, దూరంగా వాచ్‌మన్ దగ్గు వినిపించింది.

ఒక చెయ్యి వచ్చి నా చేతిలో పడింది.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. గంత విప్పే ధైర్యం లేదు. వదిలే ధైర్యం అసలే లేదు. మెల్లిగా రెండో చేత్తో తడిమి చూశాను. పిల్ల చెయ్యే. కాస్త ఎదిగింది. ఏడాదికి ఎంత ఎదగాలో అంతే ఎదిగింది. గోళ్ళు మాత్రం ఏడాదిగా ఎవరూ కత్తిరించలేదు.