కొండమీద చివరి సిగ్నల్

"మన నలభై రెండు మంది ఏజెంట్ల పేర్లు ఇక్కడున్న శత్రు గూఢచారుల చేతికి చిక్కాయి," అన్నాడు చీఫ్. "అందరూ సరిహద్దు అవతల మారువేషాల్లో ఉన్నవాళ్ళే. పదిహేడో పేరు మీ తమ్ముడిది."

ఏజెంట్ త్రీ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"వాటిని సరిహద్దు ఎలా దాటిస్తారు సార్?"

"కొండమీద టీవీ రిలే స్టేషన్ నుంచి. దాని సిగ్నల్ సరిహద్దు అవతలికీ అందుతుంది. ఈ రోజు పదకొండున్నరకి అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారుతున్నారు. ఆ తర్వాత ఆ పాత ఫ్రీక్వెన్సీని మనవాళ్ళెవరూ పట్టించుకోరు. సరిగ్గా పన్నెండుకి పేర్లు దాటిపోతాయి. అక్కడ డిజిటల్ కంపెనీ ఇంజనీరు మన మనిషే. వెళ్ళి కలవండి."

పాత యంత్రాలు విప్పే మెకానిక్ వేషంలో త్రీ కొండెక్కాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, అనుమానించడానికి మనసొప్పని నవ్వుతో ఇంజనీరు ఎదురొచ్చింది. అందుకే త్రీ అనుమానించాడు.

"యాంటెన్నా ఎటు తిప్పాలి?"

"కాకి వాలిన వైపు." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "పదేళ్ళుగా ఇలాంటి ట్రాన్స్‌మిటర్లే రిపేరు చేస్తున్నాను. ఈ ఆపరేటర్ లాంటివాణ్ణి చూడలేదు. ఓ కన్నేసి ఉంచండి."

ముసలి ఆపరేటర్ త్రీని ఎగాదిగా చూశాడు. "ఉంగరం తీసెయ్ బాబూ."

"నా మీద అనుమానమా మాస్టారూ?"

"నీ మీద కాదు, కరెంటు మీద. మెషీన్ ఆపినా లోపల దాక్కుంటుంది. ముందు ఎర్తు రాడ్డు తగిలించి దాన్ని నేలలోకి పంపాలి. తర్వాత ఒక్క చెయ్యే పెట్టాలి. రెండోది జేబులో ఉండాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు నిద్రలో కూడా మర్చిపోరు."

పదకొండున్నరకి ఆయన స్విచ్ దించాడు. ముప్పై ఏళ్ళ హోరు ఆగిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా ఇంజనీరు చకచకా ట్రాన్స్‌మిటర్ క్యాబినెట్ తలుపు తీసి, రాడ్డు ఊసే లేకుండా రెండు చేతులూ లోపల పెట్టింది.

"మేడమ్!" ఆపరేటర్ కేక పెట్టాడు.

అదృష్టం కొద్దీ షాకు తగల్లేదు. త్రీ తగిలాడు. చెయ్యి మెలితిప్పేసరికి స్కార్ఫులోని చిన్న పిస్తోలు నేలమీద పడింది.

"పదేళ్ళు ఇలా రిపేరు చేసుంటే, మీరీపాటికి దండ వేసిన ఫోటోలో ఉండేవారు."

ఆమె నవ్వింది. క్యాబినెట్ అడుగున ఎర్రదీపంతో ఓ పెట్టె మినుకుమంటోంది. "దానికి సొంత బ్యాటరీ ఉంది. ముట్టుకుంటే పేలుతుంది. ఇంకా ఇరవై సెకన్లు."

త్రీ గడియారం చూశాడు. తమ్ముడు. వాడికి కనీసం పారిపొమ్మని చెప్పే టైమైనా లేదు.

"దాన్నెందుకు ముట్టుకోవడం?" ఆపరేటర్ గోడ దగ్గరికి నడిచాడు. టవర్‌కి వెళ్ళే లావుపాటి రాగి లింకు ఊడబెరికి, పక్కనున్న ఇనుప పెట్టెకి తగిలించాడు. టెస్టింగ్ సమయంలో సిగ్నల్ గాల్లోకి పోకుండా మింగేసే డమ్మీ లోడ్ అది.

పన్నెండు కొట్టింది. నలభై రెండు పేర్లూ ఇనుప పెట్టెలోకి వెళ్ళి వేడెక్కి చల్లారిపోయాయి.

అరగంటకి చీఫ్ ఫోన్. "ఒక్క అక్షరం కూడా దాటలేదు. మీ తమ్ముడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది."

త్రీ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "ఏమన్నాడు సార్?"

"పదకొండున్నరకి సీరియల్ మధ్యలో టీవీ ఆపేసినవాడెవడో కనుక్కుని సస్పెండ్ చేయించమన్నాడు."