సగానికి కోసిన ఇంజన్

షెడ్డు తలుపులు పూర్తిగా తెరవకముందే ఆమె లోపలికి వచ్చింది. ఒక చేతిలో భూతద్దం. రెండో చేతిలో అమ్మకం కాగితం.

ఆ కాగితం రాసిచ్చింది అతనే. పాతకాలపు కార్లు బాగుచేసి అమ్మడం అతని పని. పది రోజుల క్రితం లేత ఆకుపచ్చ కారొకటి ఆమెకు అమ్మాడు. ఆమె అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు. తప్పు కళ్లబడితే వదిలే మనిషి కాదు.

"ఇంజన్‌తో సహా అంతా ఒరిజినల్ అని రాశారు. ఇంజన్ మీది నంబరు ఒకసారి చూడండి" అంది.

భూతద్దం పట్టుకుని వంగాడు. నంబరు కాగితాల్లో ఉన్నదే. కానీ మూడు అంకె పక్కకి ఒరిగింది, ఏడు అంకె తోక వేరుగా ఉంది, అంకెల కింద ఏదో గీకేసిన జాడ. ఎవరో ఇంజన్ మార్చేసి, పాత నంబరు దీని మీద కొట్టారు. అతనికి తలకొట్టేసినట్టయింది. మూడు నెలలు ఆ ఇంజన్‌తో కాపురం చేసి కూడా ఇది పట్టుకోలేకపోయాడు.

షెడ్డులో భాగస్తుడైన బావ, అంటే అక్క భర్త, అతన్ని పక్కకి లాగాడు. పాత కారు, చూసుకునే కొన్నది, మనకేం సంబంధం అనెయ్యమన్నాడు. ఆమె చెవులు కూడా చురుకే. వాళ్ల బాబాయి వినియోగదారుల కోర్టులో వకీలని, తెలిసి రాసినా తెలియక రాసినా రాసిన మాటకు అమ్మినవాడిదే పూచీ అని ఆయన చెప్పాడని నెమ్మదిగా వినిపించింది. కారు తిరిగిచ్చి మొత్తం డబ్బు తీసుకోవచ్చు. లేదా కారు ఉంచుకుని, తగ్గిన విలువ మేరకు వెనక్కి తీసుకోవచ్చు.

"రాసింది నేనే, బావా" అన్నాడు అతను. ఆమె వైపు తిరిగి, అసలు ఇంజన్ వెతికి బిగించడానికి ఒక నెల గడువడిగాడు.

ఆమె ఒప్పుకుంది. గడువిచ్చినందువల్ల తన హక్కులేవీ పోవని అతని చేతే రాయించుకుని, అందులో రెండు అక్షరదోషాలు దిద్ది మరీ సంతకం చేసింది.

ఆ నెలంతా ఆదివారాలు ఇద్దరూ అదే కారులో తిరిగారు, పాత యజమానులను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ. మొదటి ఆదివారం వాన దంచింది. వైపరు మొరాయిస్తే ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మోచేతిదాకా తడుస్తూ అద్దం తుడిచింది. రోడ్డు చూడవలసినవాడు ఆ చెయ్యి చూశాడు. రెండో వారానికి ఆమె నవ్వు కోసం లేనిపోని కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మనసులో మాట మాత్రం గొంతు దాటనివ్వలేదు. ఇప్పుడు చెబితే తప్పు కప్పిపుచ్చుకోవడానికని అనుకుంటుందేమో.

మూడో ఆదివారం, ఒకప్పుడు ఆ కారు నడిపిన రిటైరైన డాక్టరుగారొకరు ఆచూకీ చెప్పారు. అసలు ఇంజన్ ఎప్పుడో పాడైతే టెక్నికల్ కాలేజీకి ఇచ్చేశారట. సోమవారం ఆమె సెలవు పెట్టింది, ఇద్దరూ కాలేజీకి వెళ్లారు.

ఇంజన్ ఉంది. ప్రయోగశాల మధ్యలో, నిలువునా సగానికి కోసి, లోపలి భాగాలకు ఎరుపు, నీలం రంగులు వేసి ఉంది. లెక్చరరు చిన్న చక్రం తిప్పుతుంటే పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతున్నాయి. చుట్టూ విద్యార్థులు కళ్లార్పకుండా చూస్తున్నారు. పక్కన చెక్కుచెదరని అసలు నంబరు.

ఇక దాన్ని ఏ కారులోనూ బిగించలేరు. అతను మొహం చెల్లక కిటికీ వైపు తిరిగాడు. మొత్తం డబ్బు రేపే ఇచ్చేస్తానన్నాడు.

ఆమె కోసిన ఇంజన్ దగ్గరికి నడిచింది. లెక్చరరును అడిగి తనూ ఒకసారి చక్రం తిప్పింది. తర్వాత అతని పక్కకి వచ్చి నిలబడింది.

"రోజంతా తప్పులు వెతికే పని నాది. ఒక్క తప్పూ లేనిది ఒకటి కొనుక్కోవాలనుకున్నాను. ఇప్పుడేమో ఈ కారు వదలబుద్ధి కావడం లేదు. తగ్గిన విలువ ఇచ్చేయండి, చాలు."

మర్నాడు షెడ్డులో కొత్త కాగితం రాసుకున్నారు, ఇంజన్ మార్చినదని స్పష్టంగా. విలువ తేల్చడంలో బావ కాసేపు నీళ్లు నమిలినా, చివరికి సాక్షి సంతకం పెట్టి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. ఆమె చెక్కు సంచిలో పెట్టుకుని లేచింది.

"మీరిక ఇటు రావలసిన పని లేదు" అన్నాడు అతను, నేల చూస్తూ. "నాకు మాత్రం మీరు రావాలనే ఉంది. పని లేకపోయినా."

ఆమె సంచి మళ్లీ బల్ల మీద పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"రెండో ఆదివారం నుంచి. ముందే చెబితే మీరు మరోలా అనుకుంటారని..."

"అనుకునేదాన్నే" అంది. చెంపలు ఎర్రబడ్డాయి. "నాకు మొదటి ఆదివారం నుంచే. ఈ ఆదివారం అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అక్కనీ బావగారినీ తీసుకుని రండి."

అతను నోరు తెరిచేలోపే జవాబు లోపలి గదిలోంచి వచ్చింది.

"ఎన్నింటికి రావాలో కనుక్కోరా" అన్నాడు బావ. "మీ అక్క ఫోన్‌లోనే ఉంది, అడుగుతోంది."