ఐసుపెట్టె ముందు నీళ్ల గ్లాసు

సాలూరులో లారీల వైరింగు చేసే సూరయ్య చెయ్యి పడితే మూగ హారను కూడా మోగుతుందని పేరు. అలాంటివాడికి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో ఊరి చివర ఆస్పత్రి ఫ్రిజ్జు బాగుచేసే పని పడింది. పని కాదది, ప్రాణం. కూతురు అమ్మడిని కుక్క కరిస్తే, గాయానికి కారం అద్ది ఇరవై రోజులు ఊరుకున్నాడు మహానుభావుడు. ఇప్పుడు బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు. ఏడు పడ్డాయి. మిగతా ఏడింటి మందూ ఐసు బేసినులో ఉంది. సాయంత్రానికి ఆ ఐసు కరిగిపోతుంది, మందు పాడైపోతుంది.

మిట్టమధ్యాహ్నం. మందుల గదంతా ఫినాయిలు వాసన. అమ్మడిని బయట బల్లమీద కూర్చోబెట్టి, ముసలి ఆయా మరిడమ్మని తోడు తీసుకుని లోపలికెళ్లాడు. చల్లదనాన్ని బట్టి మోటారుని ఆపి, తిప్పే థర్మోస్టాటు వైర్లు రెండూ కలిపి చూస్తే మోటారు గుర్రుమంది. అంటే మోటారు మంచిదే, రోగం థర్మోస్టాటుది. విప్పి, కరెంటు కలిపే చోట నల్లబడ్డ పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తగిలించాడు. ఇక పరీక్ష. దాని సన్న గొట్టం కొసని ఐసునీళ్లలో ముంచితే టిక్కుమని మోటారు ఆగాలి, గుప్పిట్లో వెచ్చబెడితే మళ్లీ తిరగాలి.

గ్లాసుతో ఐసునీళ్లు పెట్టాడు. గొట్టం ముంచేలోగా గ్లాసు పడిపోయింది.

తన మోచెయ్యే తగిలిందనుకున్నాడు. మళ్లీ నింపి, దూరంగా పెట్టి చూశాడు. గ్లాసు కదిలింది... ఎవరో చేతివెనకతో తోసినట్టు... బోర్లా పడింది.

"దానికి నీళ్లు సూపకురా సూరయ్యా," మరిడమ్మ గొణిగింది.

"ఎవులికి?"

"దాలమ్మకి. నాతో పనిసేసిన ఆయా. నిరుడు కుక్క కరిసి ఈ గదిలోనే పోనాది. ఈ పెట్టెలో పాడైపోయిన మందే పొడిసేరు దానికి. ఆకర్న నీళ్లు సూస్తే సాలు, అలాగే తోసీసేది."

పారిపోదామనిపించింది. కానీ ఏడు సూదులు మిగిలున్నాయి. నీళ్లు మానేసి, ఐసుముక్క గుడ్డలో చుట్టి గొట్టానికి ఆనించాడు. టిక్... ఆగింది. గుప్పిట పట్టాడు. టిక్... తిరిగింది. బిగించి, పెట్టె చల్లబడేదాకా అక్కడే కూర్చుని, మందు సీసాలు లోపల సర్దాడు. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

బయటికొచ్చి, కుండలో నీళ్లు గ్లాసుతో ముంచి అమ్మడికి అందించాడు. పొద్దుటినుంచీ పిల్ల గుక్కెడు తాగలేదు.

అమ్మడు కళ్లు గట్టిగా మూసుకుంది. చేతివెనకతో గ్లాసు తోసేసింది.

సూరయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. బల్లమీద ఇంకా ఎండ మాడ్చేస్తోంది... పిల్ల వేళ్లు ఐసుముక్కల్లా ఉన్నాయి.