విసిటా అత్త అనే గోడ

"మీ ఆటను తీసుకోవడం కుదరదండీ," అంది టేబుల్ వెనక కూర్చున్న అమ్మాయి, తల కూడా ఎత్తకుండా.

చాబియర్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. స్పెయిన్‌లోని జరగోజా ఊళ్లో జరిగే పాత వీడియో ఆటల మేళాకి, ఎప్పుడో తయారీ ఆగిపోయిన నెబ్యులా కన్సోల్ మీద ఆడే కొత్త ఆట పట్టుకొచ్చినవాడు అతనొక్కడే. వానను వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే కొంగ కథ అది. దానికోసం ఏళ్ల తరబడి సెలవు రోజులన్నీ ధారపోశాడు. ఎర్ర తివాచీ పరవకపోయినా కనీసం ఒక చిరునవ్వయినా దక్కుతుందనుకున్నాడు.

"ఎందుక్కుదరదు?"

"ఇందులో సౌండ్ కోడ్ ఎక్కడిది?"

"ఆటలు తయారుచేసేవాళ్లకి కన్సోల్ కంపెనీ ఇచ్చిన పాత కిట్‌లోది. నెట్‌లో దొరుకుతోందిగా! అందరూ వాడేదే."

"దొరికిందల్లా మనదైపోతుందా? వీధిలో స్కూటర్ కనిపిస్తే తోలుకుపోతారా?"

"ఆ కన్సోల్ చచ్చి ఎన్నాళ్లయిందండీ!"

"కన్సోలే చచ్చింది. హక్కులు బతికే ఉన్నాయి. ఆ కంపెనీని కొనుక్కున్నవాళ్లున్నారు, వాళ్లకి లాయర్లున్నారు." అప్పుడు తలెత్తింది.

చాబియర్ నాలుక చివరిదాకా వచ్చిన తిట్లన్నీ ఆ తేనెరంగు కళ్లు చూసి వెనక్కి పారిపోయాయి. బ్యాడ్జి మీద 'ఇజార్బె, లైసెన్సుల తనిఖీ' అని ఉంది. ఇంత అందమైన మనిషికి ఇంత ముదనష్టపు ఉద్యోగం ఎవరిచ్చారో అనుకున్నాడు.

"సరే, ఆ ముక్క నేనే కొత్తగా రాసుకుంటా. వసంతం మేళాకి తెస్తా."

"మీరు రాయకూడదు. ఆ కోడ్ చదివేశారుగా, తెలిసో తెలియకో మళ్లీ అదే దింపేస్తారు. చదవనివాళ్లు రాయాలి."

"నెబ్యులా గురించి అంతా తెలిసి, ఆ కోడ్ మాత్రం చదవని మహానుభావులు ఈ ఊళ్లో ఎవరున్నారండీ?"

"నేనున్నాను." ఆమె బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి. "నాకూ ఆ కన్సోలంటే పిచ్చి. అందుకే ఆ దొంగసొత్తు ముఖం ఇన్నాళ్లూ చూడలేదు. మీకు రాసిపెడతాను. కానీ ఒక షరతు. పనయ్యేదాకా మనిద్దరం మాట్లాడుకోకూడదు. యంత్రం ఏం చేస్తుందో మీరు ఒక మధ్యవర్తికి చెప్పాలి. ఎలా చేస్తుందో మాత్రం చెప్పకూడదు. ఆ మధ్యవర్తి నాకు చెప్తారు."

"హలో కూడా అనకూడదా?"

"అన్నీ హలోతోనే మొదలవుతాయండీ."

మధ్యవర్తిగా చాబియర్ మేనత్త విసిటా కుదిరింది. నోటరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ ముందు అబద్ధమాడటానికి ఇంట్లో పిల్లి కూడా జంకుతుంది.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం చాబియర్ అత్త వంటగదిలో కూర్చునేవాడు, ఇజార్బె ముందుగదిలో. మధ్యలో మూసిన తలుపు. అత్త ఒక చేత్తో ఆలివ్‌ల పళ్లెం, ఒక చేత్తో కలం పట్టుకుని అటూ ఇటూ తిరిగేది.

"మూడు చప్పుళ్లు మోగుతుండగా నాలుగోది వస్తే, పాతది ఆగిపోవాలని చెప్పత్తా."

"రాశాను. ఇంకా?"

"ఆమ్లెట్‌లో ఉల్లిపాయ వేస్తే ఇష్టమో కాదో కనుక్కో."

"అది యంత్రం చేసే పనేనా?"

"కాదు."

"కొట్టేశాను." అత్త కాసేపటికి ఖాళీ పళ్లెంతో తిరిగొచ్చి నిట్టూర్చింది. "నేనేమీ అడగలేదు సుమా. బంగాళాదుంపల ఆమ్లెట్ పెడితే తనే అంది, ఉల్లిపాయ లేని ఆమ్లెట్ ఆమ్లెట్టే కాదట."

చాబియర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆమ్లెట్‌లో ఉల్లిపాయ ఉండాలా వద్దా అనే దగ్గర విడిపోయిన స్నేహాలు ఆ ఊళ్లో అతనికి చాలానే తెలుసు.

తలుపవతల ఆమె దగ్గు, ఆమె నవ్వు, ఏదైనా పనిచేసినప్పుడు "అదీ!" అనే కేక, అన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి. ఆమె ముఖం చూసింది ఒక్కసారే. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా గోళ్లు కొరుక్కునేవాడు. ప్రేమలో పడ్డానని అతనికి స్పష్టంగానే తెలుసు. చెప్పుకోవడానికే దారి లేదు.

మేళా దగ్గరపడుతుండగా పని మొండికేసింది. కొంగకి వాన దొరికే ఘట్టంలో పాట మారుతుంది. మారినప్పుడల్లా 'టప్' మని ఒక పాడు చప్పుడు. ఇజార్బె ఎన్ని రకాలుగా రాసినా అది పోవడం లేదు. ఎందుకొస్తోందో చాబియర్‌కి తెలుసు. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. చెబితే ఇన్నాళ్ల పనీ మైలపడుతుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, సియర్సో అనే అక్కడి చలిగాలి ఊరిని ఊడ్చేస్తుంటే, రాతి వంతెన మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె జుట్టంతా ముఖం మీదే ఉంది. కళ్లు నిద్రలేక వాచిపోయి ఉన్నాయి.

"చాబియర్! ఆ చప్పుడు ఎక్కణ్నుంచొస్తోందో ఒక్క మాట చెప్పు. ఎవరికీ తెలీదులే. నావల్ల కావట్లేదు!"

మొదటిసారి ఆమె నోట తన పేరు విన్నాడు. నోరు తెరవబోయి, చటుక్కున మఫ్లర్ ముక్కుదాకా లాక్కుని, వెనక్కి తిరిగి చరచరా నడిచి వెళ్లిపోయాడు.

"హలో అయినా అనొచ్చుగా, రాయీ!" అన్న కేక గాలిలో వెంటపడి వచ్చింది.

ఆ ఆదివారం ముందుగదిలోంచి నవ్వు వినిపించలేదు. చాబియర్ చాలాసేపు తల పట్టుకుని కూర్చుని, చివరికి అన్నాడు. "అత్తా, ఇలా చెప్పు. పాట మారేముందు యంత్రం ఒక్క క్షణం ఊపిరి బిగపడుతుంది. పూర్తిగా నిశ్శబ్దమయ్యాకే రెండో పాట అందుకుంటుంది."

అత్త కలం గాల్లోనే ఆగింది. "ఏం చేస్తుందో చెప్పావు. ఎలా చేస్తుందో చెప్పలేదు. సరే, వెళ్లనిస్తున్నా."

అత్త ముందుగదిలోకి వెళ్లి తలుపు మూసిన కాసేపటికి అవతలనుంచి "అదీ!" అని కేక వినిపించింది. చాబియర్ ఆనందం పట్టలేక అత్త గిన్నెల స్టాండును కౌగిలించుకున్నాడు.

వసంతం మేళాకి హక్కులున్న కంపెనీ లాయరు స్వయంగా వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి కళ్లజోడు. అత్త రాసిందంతా చదివి, కంపెనీ పాత కోడ్‌నీ ఇజార్బె కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టించి చూసి, అడిగాడు.

"మీరిద్దరూ ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడుకోలేదా?"

చాబియర్ నోరు తెరిచేలోపే ఇజార్బె ముందుకొచ్చింది.

"వంతెన మీద కలిశామండీ. సమాధానం చెప్పమని నేనే బతిమాలాను. రూలు పెట్టిందీ నేనే, తప్పబోయిందీ నేనే. ఇతను మాత్రం మఫ్లర్ కప్పుకుని నాకు వీపు చూపించి వెళ్లిపోయాడు. ఆ రోజు బండబూతులు తిట్టుకున్నాను. మర్నాడు అర్థమైంది, అతను కాపాడింది నా పనినే అని."

హాలంతా ఊపిరి బిగబట్టింది. లాయరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నా సర్వీసులో ఇంత నిజాయితీ ఎప్పుడూ చూడలేదు. మా వైపునుంచి ఏ అభ్యంతరమూ లేదు. మా అబ్బాయికి ఈ ఆట కార్ట్రిడ్జ్ ఒకటి ఇప్పిస్తారా?"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తెర మీద కొంగ ఎగిరింది, పాట మారింది, 'టప్' మన్న చప్పుడు లేదు, వాన కురిసింది. ఎవరెవరో వచ్చి చాబియర్ వీపు చరుస్తున్నారు. అతను చూస్తున్నది మాత్రం ఒక్కరినే.

"హలో," అన్నాడు దగ్గరికెళ్లి.

"ఇన్నాళ్లకి నోరు పెగిలిందా? ఆ రోజెందుకంత పరుగు?"

"నోరు తెరిస్తే రెండు మాటలొచ్చేసేవి. మొదటిది ఆ చప్పుడు గురించి."

"రెండోది?"

"నువ్వంటే నాకిష్టమని."

ఇజార్బె తెర వైపు చూసింది. ఆట మళ్లీ మొదటికొచ్చి, ఇద్దరి పేర్లూ పక్కపక్కనే మెరుస్తున్నాయి. తన కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఆమె లైసెన్సులో రాసింది. షరతు ఒక్కటే. వాడుకున్నవాళ్లు ఆమె పేరు ఎప్పటికీ తీసేయకూడదు.

"నీ షరతు చదివాను," అన్నాడు చాబియర్. "అది ఆటకేనా, మనిషికి కూడానా?"

"మనిషికైతే ఇంకో షరతుంది," అంది ఆమె అతని మఫ్లర్ పట్టుకుని దగ్గరికి లాగుతూ. "ఇంకెప్పుడూ నాకు వీపు చూపించకూడదు."

ఆ వచ్చే ఆదివారం విసిటా అత్త ఉల్లిపాయలు దండిగా వేసి ఆమ్లెట్ చేసింది. వంటగది తలుపు బార్లా తెరిచి, కలం సొరుగులో పడేసి, "ఇక మీ మాటలు మీరే మాట్లాడుకోండర్రా, నా కాళ్లు అరిగిపోయాయి," అంటూ కుర్చీలో చేరబడింది.