శ్రీరామ అని పేరు పెట్టిన ఫైళ్లు

శవాన్ని తీసుకుపోయారు. ఫ్లాపీ మిగిలింది.

చౌటుప్పల్ దాటాక హైవే పక్కన మందుల ఫ్యాక్టరీ. 1993. మంగళవారం సాయంత్రం 5:10కి రియాక్టర్ పేలింది. దాని పక్కన పనిలో ఉన్న కట్టంగూర్ ఊరి గాలయ్య అక్కడికక్కడే పోయాడు.

ఇన్‌స్పెక్టర్ కురుమయ్య శవాలను చూసీ చూసీ మొద్దుబారిపోయాడు. ఏడుపు రాదు, కోపం రాదు. ఆకలి మాత్రం టైముకు వేస్తుంది. అందుకు సిగ్గుపడే ఓపిక కూడా అతనికి లేదు.

అనుమానం ఆపరేటర్ మెహమూద్ మీద. రెండు గంటలకు తర్వాతి షిఫ్టు ఆపరేటర్ దశరథానికి డ్యూటీ అప్పజెప్పి దిగేటప్పుడు, రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్ల వాల్వు సగం మూసేసి పోయాడని మాట. రియాక్టర్ వేడి, పంపు, అలారం అన్నీ కంట్రోల్ గదిలో 'పెద్ద మిషన్' అనే కంప్యూటర్‌లో రికార్డవుతాయి. షిఫ్టుకో ఫైలు. పేలిన మర్నాడు ఆ వారం ఫైళ్లన్నీ ఫ్లాపీలోకి ఎక్కించమన్నాడు మేనేజర్. ఎక్కించింది మెహమూదే. వెంటనే గదికి సీలు పడింది.

ఫ్లాపీలో మెహమూద్ ఫైళ్లు ఏడుకి ఏడూ ఉన్నాయి. దశరథం ఫైలు ఒక్కటే, అదీ ముందటి బుధవారానిది. పేలిన రోజుది లేదు.

ఇంకేం కావాలి? తప్పు చేసినవాడే చెరిపాడని ఫ్యాక్టరీ అంతా తేల్చేసింది. మెహమూద్ లాకప్‌లో పడ్డాడు. ఛార్జిషీటు పోతే జైలే.

"చెరిపినవా?" అని అడిగాడు కురుమయ్య.

"లేదు సార్."

"నీవి ఉండి ఆయనవి ఎట్ల పోయినయి?"

"నాకెరుక లేదు. అన్ని ఒక్కతీర్గనే ఎక్కించిన."

"ఎర్రర్ ఏమన్న వచ్చిందా?"

"రాలె. పెద్ద మిషన్ల సూడుండ్రి అని మేనేజర్ సాబుకు చెప్పిన. ఇనలె. గాలయ్య నాకు దోస్తు సార్. సావుకు గూడ పోనియ్యలె నన్ను."

కురుమయ్య ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లి అక్కడి చిన్న కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టి పేర్లు చూశాడు. మెహమూద్ ఫైళ్లన్నిటికీ బిస్మిల్లాకు బదులుగా రాసే 786, ఒక అడ్డగీత, ఆ పక్కన వారం పేరు. దశరథం ఫైలుకు ఇంగ్లీషులో శ్రీరామ, అడ్డగీత. గీత తర్వాత ఏమీ లేదు.

దశరథాన్ని పిలిపించాడు.

"ఫైలుకు పేరేం పెడతవ్?"

"శ్రీరామ సార్. ఏం రాసినా ముందుగాల శ్రీరామ రాయాలని మా నాయిన నేర్పిండు. దానెనుక వారం పేరు."

"వారం పేరు మర్సిపోయినవా ఎప్పుడన్న?"

"ఎప్పుడు మర్వలె."

శుక్రవారం ఉదయం పదకొండింటికి సీలు విప్పించాడు. మేనేజర్, దశరథం, కానిస్టేబుల్ పక్కన మెహమూద్. పెద్ద మిషన్ ఆన్ చేస్తే దశరథం ఫైళ్లు ఏడూ అందులోనే ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది మేనేజర్ పని.

"కొత్త ఫ్లాపీల ఎక్కియ్యి" అన్నాడు కురుమయ్య. అందరి కళ్లముందూ మెహమూద్ ఎక్కించాడు. ఎర్రర్ లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టి చూస్తే మళ్లీ అదే వరస. మెహమూద్‌వి ఏడు, దశరథానిది ఒకటి.

"పెద్ద మిషన్ యూనిక్స్‌ది. పేరు పొడుగున్నా పట్టుకుంటది. ఫ్లాపీ డాస్‌ది. పేరుకు ఎనిమిదక్షరాల జాగానే ఇస్తది. శ్రీరామ ఇంగ్లీషుల ఏడు, గీతతోటి ఎనిమిది. వారం పేరు తెగిపోయింది. ఏడు ఫైళ్లకు ఒక్కటే పేరు పడి, ఒకదాని మీద ఒకటి ఎక్కింది. ఏబీసీడీల వరుసల బుధవారం ఆఖరు. అదొక్కటే మిగిలింది. 786 పొట్టిది, అందుకే మెహమూద్‌వి మిగిలినయి. ఎవలు చెరపలె" అన్నాడు కురుమయ్య, డిపార్టుమెంటు కంప్యూటర్ ట్రైనింగులో నేర్చుకున్నది గుర్తుచేసుకుంటూ.

మంగళవారం ఫైలు తెరిచాడు. రెండు నుంచి 4:20 దాకా వేడి మామూలే. అంటే వాల్వు సరిగ్గానే ఉంది. 4:20కి నీళ్ల పంపు ఆగింది. 4:35కి అలారం మోగింది. 4:36కి ఎవరో దాన్ని ఆపేశారు.

దశరథం తల వంచుకున్నాడు.

"అది దినాం ఊకెనే మోగుతది సార్. బందు జేసి చాయ్‌కు పోయిన."

"ఫ్లాపీల నీ ఫైలు లేదని ఎప్పుడెరుకైంది?"

"తెల్లారి."

"మెహమూద్‌ను పట్టుకపోతుంటే?"

"రాముడే నన్ను కాపాడిండనుకున్న. ఊకున్న."

మెహమూద్ అతని వైపు చూడలేదు. కురుమయ్యకు కోపం రావాల్సింది. రాలేదు. దశరథాన్ని జీపు దాకా నడిపించమని కానిస్టేబుల్‌కు చెప్పి, మెహమూద్‌తో "ఇగ నువ్వు ఇంటికి పో" అన్నాడు.

"ముందుగాల కట్టంగూర్ పోత సార్. నేనే సంపిన్నని గాలయ్య భార్య సైదమ్మక్క మా ఆడామెను గడప తొక్కనియ్యలేదంట. ఏం చెప్పాలె సార్ ఆమెకు? నేను కాదని చెప్పాల్నంటే, అలారం మోగిందని గూడ చెప్పాలె గద. ఆపకుంటే బతుకుతుండె అని చెప్పాలె గద."

అలారం ఆపినప్పటి నుంచి పేలేదాకా అరగంట పైనే. కురుమయ్యకు ఇన్నాళ్లకు బాధేసింది. చచ్చినవాళ్ల ఇళ్లకు పోవడం మానేసి అతనికి ఏళ్లయింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ మాట నువ్వు చెప్పకు" అన్నాడు. "నేను చెప్త. పా, ఇద్దరం పోదాం."